తెలుగులో చెప్పిన యుద్ధం

మా జ్యోతి ఆర్మీలో చేరతానన్నది 1983 మే నెలలో. అప్పటికి మేం మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో స్థిరపడ్డాం. మా ఆయన ఏసుపాదం సర్జన్. నేను కార్ల రంగులు పరీక్ష చేసే ల్యాబ్‌లో కెమిస్టుని. ఏ రంగు ఎండకీ ఉప్పుకీ తట్టుకుంటుందో, ఏది పెచ్చులూడుతుందో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఇరవై రకాల ఎరుపుల్లో ఏది నిలబడేదో ఒక్క చూపులో చెప్పగలనని ల్యాబ్‌లో నాకు పేరు. మనుషుల విషయంలోనూ నా చూపు అంతే గట్టిదనుకునేదాన్ని.

జ్యోతి పూర్తి పేరు ప్రేమజ్యోతి. గుంటూరులో పుట్టింది. రెండేళ్ళప్పుడు నా చంకనెక్కి డెట్రాయిట్‌లో దిగింది. మేం దిగిన వేసవిలోనే ఊళ్ళో అల్లర్లు రేగి వీధుల్లో ట్యాంకులు తిరిగాయి. అమెరికాలో నేను మొదట చూసిన వాహనాల్లో అవీ ఉన్నాయి. జ్యోతికి అవేమీ గుర్తులేవు. ఆ ఏడు హైస్కూల్ పూర్తవుతోంది, నర్సింగ్‌లో సీటు వచ్చింది. మా అమ్మ కూడా గుంటూరులో ఓ మిషన్ ఆస్పత్రిలో నర్సే కాబట్టి, డాక్టర్ కూతురు డాక్టరే కావాలన్న పంతం మా ఇంట్లో లేదు. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

ఇదంతా హిస్టరీ క్లాసులో మొదలైంది. వాళ్ళ టీచర్ అందరికీ ఒక పని పెట్టాడు. యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషినొకర్ని వెతికి, ఆయన మాటలు టేప్ చేసి, టైపు చేసి తేవాలి. యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే మెమోరియల్ డే మే చివర్లో వస్తుంది. అది దాటగానే ఇచ్చెయ్యాలి.

జ్యోతి ఆ సాయంత్రమే లాన్‌లో ఉన్న వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది.

"డాడీ, నువ్వు వియత్నాంలో ఉన్నావు కదా. నిన్ను ఇంటర్వ్యూ చెయ్యనా?"

"నాదేముందమ్మా, ఏడాది ఉండి వచ్చాను. పక్కింటి నోవాక్‌ని అడుగు. ఆయనకి తేదీలతో సహా గుర్తుంటాయి," అన్నారాయన, లాన్ మోవర్ ఆపకుండానే.

వాళ్ళ నాన్న వియత్నాం వెళ్ళొచ్చారని జ్యోతికి తెలుసు. ఎలా తెలుసని నేనెప్పుడూ ఆలోచించలేదు, మేమైతే కూచోబెట్టి చెప్పింది లేదు. 1968లో గ్రీన్‌కార్డ్ ఉన్న డాక్టర్లని కూడా ఆర్మీ పిలిచేది. ఈయన డెట్రాయిట్ ఆస్పత్రిలో రెసిడెన్సీ శిక్షణలో ఉండగా పిలుపు వచ్చింది. కార్డు వదులుకుని గుంటూరు వెళ్ళిపోవచ్చు. "ఈ దేశంలో ఉంటామని వచ్చాం. వాళ్ళకి అవసరమైనప్పుడు లేమనడం బాగుండదు వసంతా," అని కెప్టెన్ యూనిఫామ్ వేసుకుని వెళ్ళిపోయారు. మూడేళ్ళ పిల్లతో నేనొక్కదాన్నీ డెట్రాయిట్‌లో ఉన్నాను. ఆ ఏడాది ఆయన రాసిన ఉత్తరాలన్నీ వాన గురించే. తిరిగొచ్చాక మర్నాడే డ్యూటీలో చేరారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అడక్కపోవడమే మంచి భార్య లక్షణమనుకున్నాను. తెలుగువాళ్ళ దగ్గర కూడా ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. అమెరికావాళ్ళ యుద్ధానికి మనవాడెందుకు వెళ్ళాడని ఎవరైనా అడిగితే, దానికి జవాబు భోజనాల దగ్గర చెప్పేది కాదు.

నోవాక్ పోలండ్ నుంచి వచ్చినవాళ్ళ కొడుకు. అరవై దాటిన మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో వంతెనలు కట్టే దళంలో పనిచేశాడు. జర్మన్లు వెనక్కి పోతూ పోతూ కూల్చేసిన చోటల్లా వీళ్ళు కొత్త వంతెన వెయ్యాలి. జ్యోతి శనివారాలు టేప్ రికార్డర్ పట్టుకుని ఆయన వరండాలో కూచునేది. ఇంటికొచ్చాక అన్నం తింటూ అన్నీ నాకు చెప్పేది. యుద్ధం వచ్చినప్పుడు డెట్రాయిట్‌లో కార్లు చెయ్యడం ఆపేసి ట్యాంకులు, బాంబర్ విమానాలు చేశారట. మగవాళ్ళు వెళ్ళిపోతే ఆడవాళ్ళే వాటికి రివెట్లు కొట్టారట. ఇటలీలో నోవాక్ దళం పక్కన ఇండియన్ దళం ఉండేదట. వాళ్ళు పెట్టిన వేడి చపాతీలో జామ్ రాసుకుని తిన్నాడట.

"మమ్మీ, చపాతీ విత్ జామ్! ఆయన ఇప్పటికీ అడుగుతున్నాడు, నువ్వు చేస్తావా అని."

చేసి పంపించాను. మా పిల్ల ఇంత శ్రద్ధగా చదవడం చూసి సంతోషించాను కూడా.

రెండు వారాల తర్వాత ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూచున్నాం. కోడికూర గిన్నె మూత తీస్తుండగా జ్యోతి చెప్పింది.

"నేను కాలేజ్‌లో ఆర్.ఓ.టి.సి.లో జాయిన్ అవుతున్నా. ఆల్రెడీ వాళ్ళతో మాట్లాడాను."

కాలేజీలో చదువుకుంటూనే ఆర్మీ శిక్షణ తీసుకుని, డిగ్రీతో పాటు ఆఫీసర్‌గా బయటికొచ్చే ఏర్పాటు అది. అక్కణ్ణుంచి ఎక్కడికి పంపిస్తే అక్కడికి.

"నర్సు కావడానికి ఆర్మీ ఎందుకు? ఇక్కడ ఆస్పత్రులు లేవా?" అన్నాను.

"ఉన్నాయి. అక్కడ కూడా నర్సులు కావాలి కదా."

"మొన్న ఏప్రిల్లో బీరూట్‌లో అమెరికా ఎంబసీ పేల్చేశారు. టీవీలో చూశావా లేదా?"

"చూశాను మమ్మీ. అది చూసే డిసైడ్ చేసుకున్నా."

జ్యోతి గొంతు పెంచలేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్ల, సంతకం కోసం నా దగ్గరికి రానక్కర్లేదు. అడగడానికి కాదు, చెప్పడానికే వచ్చింది. నేను మా ఆయన వైపు చూశాను. ఒక్క మాట అంటారేమోనని. ఆయన అన్నం కలుపుకుంటూ, "మజ్జిగ ఉందా?" అన్నారు.

ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక నోవాక్ మీదికి వెళ్ళాను. ఆయన పెరట్లో టమాటా మొక్కలు నాటుతున్నాడు. కంచె ఇవతలి నుంచే ఇంగ్లీష్‌లో అడిగేశాను.

"మా పిల్లకి ఏం నూరిపోశారు మీరు? వంతెనలూ, చపాతీలూ, వీరులూ అంటూ ఇదంతా విహారయాత్రలా చెప్పారా?"

నోవాక్ మోకాళ్ళ మీద నుంచి మెల్లిగా లేచాడు.

"చపాతీల కథ మొదటి రోజు చెప్పాను. రెండో వారం వచ్చి, 'నవ్వొచ్చేవి చాలు, మిగతావి చెప్పండి' అంది మీ అమ్మాయి. నది దాటుతూ నా కళ్ళముందు కొట్టుకుపోయిన వాళ్ళ గురించి చెప్పాను. మా ఆవిడకి కూడా ఎప్పుడూ చెప్పలేదవి. ఎదురుగా కూచుని విన్నది. మధ్యలో లేచి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అంతే."

నేను కంచె వదిలి వెనక్కి తిరిగాను.

"ఇంకో మాట చెప్తాను, ఏమీ అనుకోకండి," అన్నాడు. "ఆ పిల్ల అడగాలనుకున్న మనిషిని నేను కాదు. పక్కింట్లో దొరికాను కాబట్టి నన్ను అడిగింది."

ఇంట్లోకి వచ్చాను. మా ఆయన మేడమీద చదువుకుంటున్నారు. ఎదురుగా కూచున్నాను.

"మీరు చెప్తే వింటుంది. అక్కడ ఏముంటుందో చెప్పండి. అది విన్నాక తనే మానుకుంటుంది."

"చెప్పడం మొదలుపెడితే నిజమే చెప్పాలి వసంతా. దాన్ని ఆపడానికని ఓ రకంగా, పంపడానికని ఓ రకంగా చెప్పలేను."

"నిజమే చెప్పండి. నిజం చాలు."

ఆ మాట ఎంత ధీమాగా అన్నానో నాకింకా గుర్తుంది.

మెమోరియల్ డే ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లో బల్ల మీద జ్యోతి టేప్ రికార్డర్ పెట్టింది. వీధి చివర ఎవరో బార్బెక్యూ చేస్తున్నారు. పొగ వాసన లోపలికి వస్తుంటే లేచి కిటికీ వేశాను. ఆయన గొంతు సవరించుకుని ఇంగ్లీష్‌లో మొదలుపెట్టారు. ప్లేకూ అనే ఊళ్ళో ఆస్పత్రి, ఇన్ని పడకలు, ఇంతమంది సర్జన్లు, హెలికాప్టర్ దిగిన దగ్గర్నుంచి ఆపరేషన్ బల్ల దాకా ఇంత సమయం. కాసేపటికి తనే ఆగిపోయారు.

"ఇలా కాదు. ఇంగ్లీష్‌లో చెప్తుంటే తోటి డాక్టర్లకి కేస్ ప్రెజెంట్ చేసినట్టుంది. ఇందులో నేను లేను." నా వైపు తిరిగారు. "నేను తెలుగులో చెప్తాను. నువ్వు దానికి చెప్పు."

జ్యోతికి ఇంటి తెలుగు వచ్చు. తిను, పడుకో, ఎక్కడికెళ్ళావు, ఇలాంటివి. అంతకు మించితే మొహం వైపు చూసేది.

"ఆయన ఎలా చెప్తే అలాగే చెప్పు మమ్మీ," అంది. "హీ అనకు. ఆయన నేను అంటే నువ్వూ ఐ అను. టీచర్‌కి ఎగ్జాక్ట్ వర్డ్స్ కావాలి."

అలా మొదలైంది. ఆయన నెమ్మదిగా ఓ రెండు వాక్యాలు చెప్పి ఆగేవారు. నేను ఇంగ్లీష్‌లో చెప్పేదాన్ని. అక్కడి మట్టి ఎర్రన. వాన పడితే మోకాళ్ళ దాకా అంటేది, ఎండితే నోట్లోకి పోయేది. యూనిఫామ్ ఉతికితే నీళ్ళు ఎర్రగా వచ్చేవి, అందులో ఏది మట్టో ఏది కాదో తెలిసేది కాదు. గాయపడి స్పృహలోకొచ్చిన సైనికుడొకడు తన మీదికి వంగిన ఈయన మొహం చూసి, శత్రువుకి దొరికిపోయాననుకుని పెడబొబ్బలు పెట్టాడు. అప్పట్నుంచి ప్రతి మంచం దగ్గరికీ ఈయన కన్నా ముందు నర్సు వెళ్ళేది. "ఇప్పుడొచ్చేది మన డాక్టర్, చాలా మంచి సర్జన్," అని చెప్పి పక్కకి తప్పుకునేది. అదే ఆస్పత్రిలో వైద్యానికొచ్చిన ఓ వియత్నాం ముసలమ్మ మాత్రం ఈయన్ని చూసి నవ్వింది. సైగాన్‌లో బట్టల కొట్లు పెట్టుకున్న తమిళుల్లో ఒకడనుకుని, పట్టుబట్టల ధర ఎంతని అడిగింది.

అది చెప్తూ ఆయనా నవ్వారు. జ్యోతీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్కడ ఆయన ఎలా ఉన్నారో ఆ ముసలమ్మ చూసినంత కూడా నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

 టేప్ తిరుగుతూనే ఉంది.

"ఒకరోజు పొద్దున్నే రాకెట్లు పడ్డాయి," అన్నారు. "సైరన్ మోగితే పడుకున్న పేషెంట్ల మీద పరుపులు కప్పి మేం నేల మీద పడుకోవాలి. కానీ నేను ఆపరేషన్ మధ్యలో ఉన్నాను. ఆ కుర్రాడి కడుపులో నా రెండు చేతులూ ఉన్నాయి. రక్తనాళం వేళ్ళతో పట్టుకున్నాను. వదిలితే పోతాడు."

నేను చెప్పాను. నా రెండు చేతులూ ఉన్నాయి. నేను పట్టుకున్నాను. వదిలితే పోతాడు.

"పక్క వార్డు మీద ఒకటి పడింది. కరెంటు పోయింది. పైనుంచి దుమ్ము రాలుతోంది. నాకు భయమేసింది."

నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

ఇరవయ్యేళ్ళుగా నేను ఎరిగిన మనిషి భయపడ్డవాడు కాదు. ఆ ఏడాది డెట్రాయిట్‌లో తలుపుకి గొళ్ళెం పెట్టుకుని, ఫోన్ మోగితే ఉలిక్కిపడి, భయమంతా నేనే మోశాననుకున్నాను. ఆయన వాటా కూడా నాకే వచ్చిందనుకున్నాను. ఇప్పుడు ఆయన మాట నా నోటితో, నేను అని చెప్పాలి.

జ్యోతి నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఇట్స్ ఓకే మమ్మీ. భయం నాకు తెలుసు. ఆ వర్డ్ చెప్పక్కర్లేదు."

ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మా ఇద్దరి వైపూ చూస్తూ.

"చేతులు బాగానే ఉన్నాయి. కాళ్ళు వణుకుతున్నాయి. పారిపొమ్మంటున్నాయి. నాకు సాయం చేస్తున్న నర్సు పేరు లెఫ్టినెంట్ వీస్. అయోవాలో మొక్కజొన్న పండించేవాళ్ళ పిల్ల, ఇరవై రెండేళ్ళు. ఒక చేత్తో టార్చి వెలిగించి కడుపులోకి చూపించింది. 'కెప్టెన్, మీదే ఊరు?' అంది. ఇండియా అన్నాను. 'ఇండియా చాలా పెద్దది కదా, అందులో ఏ ఊరు?' అంది. బాపట్ల అన్నాను. 'నాకు అర్థం కాలేదు, స్పెల్లింగ్ చెప్పండి,' అంది. చుట్టూ రాకెట్లు పడుతున్నాయి, ఈవిడ స్పెల్లింగ్ అడుగుతోందేమిటా అనుకున్నాను. అయినా చెప్పాను. ఒక్కో అక్షరం చెప్తూ ఒక్కో కుట్టు వేశాను. అంతా విని, 'ఇందులో ఏ-లు చాలా ఎక్కువున్నాయి సార్,' అంది. అప్పటికి రక్తం ఆగింది. నా కాళ్ళు కూడా ఆగాయి."

నేను మొత్తం చెప్పాను. ఒక్క మాట వదల్లేదు. 

"ఆ అబ్బాయి బతికాడా?" అంది జ్యోతి.

"మా దగ్గర్నుంచి బతికే వెళ్ళాడు. మర్నాడు హెలికాప్టర్ ఎక్కించాం. తర్వాత నాకు తెలియదు."

"ఆ నర్సుకి భయం వెయ్యలేదా?"

"నేను అడగలేదమ్మా. చేతిలో టార్చి మాత్రం కదల్లేదు."

జ్యోతి టేప్ ఆపింది. లేచి వెళ్ళి వాళ్ళ నాన్న వెనక నిలబడి, మెడ చుట్టూ చేతులు వేసి, తల మీద గడ్డం ఆనించింది. ఆయన కాదనలేదు. అటువంటివి మా ఇంట్లో అలవాటు లేదు.

జ్యోతి పైకి వెళ్ళాక ఆయన్ని అడిగాను.

"ఆపమని కదా మిమ్మల్ని అడిగింది? దానికి ఇంకా బలం వచ్చింది."

"నిజం చాలన్నావు," అన్నారాయన. "నేను వెళ్ళమనను, వద్దనను. అక్కడ ఆ టార్చి ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎవరి పిల్లయితే బాగుండునో నువ్వే చెప్పు."

నేను కాఫీ కలిపాను. ఇద్దరం తాగాం.

జ్యోతి టైపు చేసిన పేపర్‌కి మంచి మార్కులు వచ్చాయి. నోవాక్ టేపులూ, వాళ్ళ నాన్న టేపూ రెండూ కలిపి రాసింది. అడుగున అనువాదం అని నా పేరు వేసింది.

డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలం నెలకోసారి ఓ చర్చి బేస్‌మెంట్‌లో ఆరాధనకి చేరేవాళ్ళం. జూలైలో అక్కడ భోజనాల దగ్గర కరుణమ్మగారు నన్ను పట్టుకున్నారు. ఆవిడ మా అందరికీ పెద్దదిక్కు. పెళ్ళిళ్ళు కుదర్చడం నుంచి పిల్లల చదువుల దాకా ఆవిడకి తెలియకుండా ఏదీ జరగదు.

"ఏంటి వసంతా, జ్యోతి మిలటరీలో చేరుతోందట? ఆడపిల్లని అలా ఎలా పంపిస్తున్నారమ్మా? మనకేం తక్కువ?"

ఆవిడ చుట్టూ ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. వెనక మా ఆయన ప్లేటు పట్టుకుని వరసలో ఉన్నారు. ఒకప్పుడైతే, ఏదో కాలేజీ ట్రైనింగ్ లెండి అని దాటేసేదాన్ని.

"తక్కువై కాదండీ. వాళ్ళ నాన్నగారు వెళ్ళొచ్చిన ఉద్యోగమే. వియత్నాంలో ఏడాది సర్జన్‌గా చేశారు. జ్యోతి నర్సుగా వెళ్తుంది. మీరు రోజూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి," అన్నాను.

కరుణమ్మగారు నా మొహం వైపు, తర్వాత ఆయన వైపు చూశారు. కాసేపటికి ఆవిడే వెళ్ళి ఆయన ప్లేట్లో ఇంకో రెండు చికెన్ ముక్కలు వేశారు. "ఇన్నేళ్ళూ మాకు ఎందుకు చెప్పలేదు బాబూ?" అని మాత్రం అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ మధ్యాహ్నం మగవాళ్ళంతా ఆయన చుట్టూ చేరితే, అడిగిన వాటికి జవాబులు చెప్పారు. నేను దూరం నుంచి ఆయన గొంతు వింటూ గిన్నెలు సర్దాను. ఒక్కసారి కూడా వాన మాట రాలేదు.

జ్యోతి ఇప్పుడు కెప్టెన్. వాళ్ళ నాన్న ఏ హోదాలో ఉండి బయటికొచ్చారో అదే హోదా. ఇంకో మెట్టు ఎక్కే దాకా వదలనంటోంది, ఎక్కుతుంది కూడా. ఆ సంగతి నాకు 1983 సెప్టెంబర్ చివరిలో, మేం మొదటిసారి తనని చూడడానికి కాలేజీ ఉన్న యాన్ ఆర్బర్ వెళ్ళిన రోజే అర్థమైంది.

చిన్న హాస్టల్ గది. రెండు మంచాలు, కిటికీలోంచి ఎర్రబడుతున్న మేపుల్ చెట్లు. గదిలో ఉండే ఇంకో అమ్మాయి బయటికి వెళ్ళింది. ముందు రోజే వాళ్ళకి యూనిఫామ్ ఇచ్చారట. జ్యోతి అది తొడుక్కుని చూపించింది. భుజాల దగ్గర కాస్త వదులు. నేను కుట్టిస్తానంటే వద్దంది, వాళ్ళ దగ్గరే చేస్తారట. మంచం మీద నల్లటి బూట్ల జత ఉంది. ఒక బూటు తీసి కాలికి ఎక్కించుకుని, టెన్నిస్ షూకి కట్టినట్టు తాడు అటూ ఇటూ ఇంటూ గుర్తుల్లా బిగించసాగింది.

"అలా కాదమ్మా," అన్నారు మా ఆయన.

ప్యాంటు మోకాళ్ళు పైకి లాక్కుని నేల మీద కూచున్నారు. జ్యోతి పాదం తొడ మీద పెట్టుకుని, తాడంతా ఊడదీశారు. మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరసా అడ్డంగా, నిచ్చెన మెట్లలాగా వచ్చేట్టు దూర్చుకుంటూ పోయారు. ఆ వేళ్ళు ఎంత త్వరగా కదిలాయో.

"ఇలా కట్టు. కాలికి దెబ్బ తగిలిందనుకో, పైనుంచి కిందికి కత్తెర ఒక్కసారి పోనిస్తే అన్నీ తెగి బూటు ఊడొస్తుంది. నువ్వు కట్టినట్టు కడితే ఒక్కోటీ విడిగా కత్తిరించాలి. అంతసేపు ఉండదు."

మామూలుగానే చెప్పారు. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినట్టు.

"చాలా బూట్లు కట్ చేశావా డాడీ?"

"చాలా."

జ్యోతి వంగి, ఆయన వేళ్ళ కింద వరసలు ఎలా వస్తున్నాయో చూస్తోంది. చూసినదాన్ని మర్చిపోయే పిల్ల కాదు.

రెండో బూటు మంచం మీద ఉంది. నేను దాన్ని ఒళ్ళోకి తీసుకుని, తాడు ఊడదీసి, ఆయన వైపు చూస్తూ కింద నుంచి మొదలుపెట్టాను. మొదటి వరస వంకరగా వచ్చింది. తీసి మళ్ళీ దూర్చాను.

"ఇంకొంచెం బిగించు," అన్నారాయన.

బలమంతా పెట్టి లాగాను.